రాత్రి బరాత్‌లో క్యూ, పగలు ఇంట్లో మిక్స్: ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి?

రాత్రి బరాత్‌లోనో నిమజ్జనంలోనో ప్లే చేసి, మర్నాడు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జానపద పాటకి రోడ్‌షో మిక్స్ కట్టే కుర్రాళ్లు తెలుగు ఊళ్లలో చాలామంది ఉన్నారు. పాటలు కలిపే కంట్రోలర్ కొన్నాక, సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాక వాళ్లు ఆగిపోయేది హెడ్‌ఫోన్స్ దగ్గరే. "అన్నా, రెండిటికీ పనికొచ్చేది ఒక్కటి చెప్పు" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, రెండు జతలకి డబ్బు అందరి దగ్గరా ఉండదు. చిక్కల్లా ఎక్కడంటే, ఈ రెండు పనులకీ కావలసిన గుణాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. డీజేకి క్యూ, అంటే జనానికి వినిపించకముందే తర్వాతి పాటని హెడ్‌ఫోన్స్‌లో విని సిద్ధం చేసుకోవడం, కుదరాలంటే బయటి హోరు లోపలికి రాకూడదు, కిక్ (డ్రమ్స్‌లో బరువైన దెబ్బ) స్పష్టంగా తగలాలి, ఒక చెవి మీద పెట్టి తీసేయడం సులువుగా ఉండాలి. మిక్స్ చేసేవాడికి పాటలో ఏముందో అదే వినపడాలి, నాలుగు గంటలు పెట్టుకున్నా చెవి నొప్పి రాకూడదు.

అందుకే నా సలహా మొదటే చెప్పేస్తాను. వారంలో మీ గంటలు ఎక్కడ ఎక్కువ గడుస్తున్నాయో చూసుకోండి. ఆ పనికి సరైన జత కొనండి, రెండో పనిని దాంతోనే ఎలా నెట్టుకురావాలో నేర్చుకోండి. రెండిటికీ సరిసమానంగా కుదిరే జత కోసం వెతికితే, చివరికి రెండు పనులకీ సగం సగమే కుదిరే జత చేతికొస్తుంది.

## కొనేముందు చూడాల్సినవి

మూసిన కప్పులా, తెరిచిన కప్పులా. మిగతావన్నీ దీని తర్వాతే. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో కప్పు వెనక భాగం మూసి ఉంటుంది. బయటి శబ్దం లోపలికి తక్కువ వస్తుంది, లోపలిది బయటికి తక్కువ పోతుంది. ఓపెన్ బ్యాక్‌లో వెనక జాలీ ఉంటుంది, గాలి ఆడుతుంది. శబ్దం తల చుట్టూ పరుచుకున్నట్టు, స్పీకర్లకి కాస్త దగ్గరగా వినిపిస్తుంది. ఇంట్లో ప్రశాంతంగా మిక్స్ చేసుకోడానికి ఓపెన్ బ్యాక్ హాయి. అదే జత తీసుకుని సౌండ్ బాక్సుల పక్కన నిలబడితే మాత్రం తర్వాతి పాట వినపడదు. మైకు ముందు పాడేటప్పుడు కూడా ఓపెన్ బ్యాక్ పనికిరాదు, హెడ్‌ఫోన్స్‌లో మోగే క్లిక్కూ (తాళం తప్పకుండా కొట్టే టిక్ టిక్) ట్రాక్కూ కలిసి మైకులోకి దూరిపోతాయి.

చెవి మీదా, చెవి చుట్టూనా. ఆన్-ఇయర్ అంటే ప్యాడ్ చెవి మీద ఆనుతుంది. తేలిగ్గా, చిన్నగా ఉంటుంది, ఒక చెవికి పెట్టి తీయడం సులువు. కానీ గంట దాటాక చెవి తమ్మె నొక్కుకుంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇంకా ముందే నొప్పి మొదలవుతుంది. ఓవర్-ఇయర్ అంటే ప్యాడ్ చెవి చుట్టూ కూర్చుంటుంది. ఎక్కువసేపు కూర్చుని చేసే పనికి ఇదే నయం.

ఇంపిడెన్స్, సెన్సిటివిటీ. పెట్టె మీద ఓమ్‌లు అని రాసి ఉండేది ఇంపిడెన్స్, అంటే వైరులో వచ్చే కరెంటుకి హెడ్‌ఫోన్స్ చూపే అడ్డు. అందిన దానికి ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పేది సెన్సిటివిటీ. ఓమ్‌లు ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువని మనవాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది. అది నిజం కాదు. ఓమ్‌లు పెరిగితే అదే సౌండ్ రావడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, అంతే. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోనే తీసుకోండి. అది 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో వస్తుంది. 250 ఓమ్‌ల దాంట్లో 32 ఓమ్‌ల దానంత సౌండ్ రావాలంటే దాదాపు మూడు రెట్ల వోల్టేజ్ అందాలి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే చిన్న కంట్రోలర్‌కి అది కష్టం. నాబ్ చివరిదాకా తిప్పినా సౌండ్ చాలదు. కంట్రోలర్ మీదా, ఫోన్ మీదా, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీదా మూడిటి మీదా వాడేవాళ్లు 80 ఓమ్‌ల లోపు చూసుకుంటే నిశ్చింత.

వైరు, విడిభాగాలు. ప్రోగ్రామ్‌లలో ముందు చెడిపోయేది వైరే. ఎవరో కాలు తగిలించి లాగుతారు, పిన్ను దగ్గర తెగుతుంది. ఊడదీసి కొత్తది పెట్టుకునే వైరైతే సంచిలో ఒకటి అదనంగా పడేసుకోవచ్చు. అతికించిన వైరైతే టంకం పెట్టే మనిషిని వెతుక్కోవాలి. చుట్టలు చుట్టలుగా ఉండే కాయిల్ వైరు డీజేకి మంచిది, కాలికి తగలదు, లాగితే సాగుతుంది. ఇంట్లో టేబుల్ దగ్గర మాత్రం అది బరువుగా వేలాడి తలని ఒక పక్కకి లాగుతుంది, అక్కడ తిన్నటి వైరు మేలు.

ప్యాడ్స్. మన వాతావరణానికి ఇది పెద్ద విషయమే. తోలులా కనిపించే ప్లాస్టిక్ ప్యాడ్స్ చెమటకీ తేమకీ పొరలు పొరలుగా ఊడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా త్వరగా ఊడతాయి. వెల్వెట్‌లా ఉండే వెలూర్ ప్యాడ్స్ ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, కానీ బయటి శబ్దాన్ని కొంచెం ఎక్కువగా లోపలికి రానిస్తాయి, చెమటా పీల్చుకుంటాయి. ఏదైనా కొనేముందు ఆ మోడల్ ప్యాడ్స్ విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి. ప్యాడ్ పాడైతే అది సౌఖ్యంతో పోయే సంగతి కాదు. చెవికీ కప్పుకీ మధ్య గాలి సందు పడి బేస్ తగ్గిపోతుంది. అది తెలియక మిక్స్‌లో బేస్ పెంచేసుకుంటూ పోతారు.

ఫ్రీక్వెన్సీ రేంజ్ అంకెల్ని పట్టించుకోనక్కర్లేదు. మనిషి చెవికి వినపడేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, వయసుతో పై అంచు ఇంకా తగ్గుతుంది. పెట్టె మీద 5 నుంచి 35,000 అని రాసి ఉన్నా, ఆ రెండు అంకెల మధ్యలో ఏ స్వరం ఎంత ఎక్కువ, ఎంత తక్కువ వస్తుందో అక్కడ రాయరు. మనకి కావలసింది అదే.

## బ్లూటూత్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం

ఇంట్లో ఇప్పటికే మంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఉంటే వాటితోనే మొదలుపెట్టొచ్చు కదా అని చాలామందికి అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక బీట్‌కీ తర్వాతి బీట్‌కీ మధ్య 469 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం సాధారణం. అంటే సగం బీటు దాకా వెనకబడి వింటూ బీట్ కలపాలి. చెయ్యి ఇప్పుడు కదుపుతారు, దాని ఫలితం తర్వాత వినిపిస్తుంది. బీట్ మ్యాచింగ్ అలా కుదరదు. ఇంట్లో మిడి కీబోర్డు మీద వాయించేటప్పుడూ ఇదే బాధ, మెట్టు నొక్కాక శబ్దం వెనకాల నడుస్తుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి వైరు పెట్టి వాడినా, లోపలున్న ప్రాసెసింగ్ ఆన్‌లో ఉంటే ఒక శబ్దం, ఆఫ్‌లో ఉంటే ఇంకో శబ్దం. ఏది నమ్మి మిక్స్ చేస్తారు? ప్రయాణంలో పాటలు వినడానికి అవి చక్కటివి. పూర్తయిన మిక్స్ జనం చెవుల్లో ఎలా ఉంటుందో సరిచూసుకోడానికి కూడా పనికొస్తాయి. పని చేసుకునే జతగా మాత్రం వైరుదే కొనండి.

## ఒకచోట చూడాలంటే

| మోడల్ | రకం | ఇంపిడెన్స్ | బరువు | వైరు ఊడుతుందా | డీజేకి | మిక్స్‌కి |
|---|---|---|---|---|---|---|
| సెన్‌హైజర్ హెచ్‌డీ 25 | ఆన్-ఇయర్, మూసినవి | 70 ఓమ్‌లు | 140 గ్రాములు | అవును | చాలా బాగు | తప్పదంటేనే |
| ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ | ఓవర్-ఇయర్, మూసినవి | 38 ఓమ్‌లు | 285 గ్రాములు | అవును | బాగు | పర్వాలేదు |
| సోనీ ఎండీఆర్-7506 | ఓవర్-ఇయర్, మూసినవి | 63 ఓమ్‌లు | 230 గ్రాములు | కాదు | పర్వాలేదు | ఎడిటింగ్‌కి చాలా బాగు |
| బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో | ఓవర్-ఇయర్, మూసినవి | 80 ఓమ్‌లు (ఇంకా 32, 250) | 270 గ్రాములు | కాదు | కష్టం | బాగు, రికార్డింగ్‌కి చాలా బాగు |
| సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ | ఓవర్-ఇయర్, తెరిచినవి | 120 ఓమ్‌లు | 240 గ్రాములు | అవును | పనికిరాదు | చాలా బాగు |

బరువులు వైరు లేకుండా, సుమారుగా. ధరలు నేను రాయడం లేదు. ఆఫర్లని బట్టి నెలనెలా మారతాయి, ఈ రోజు రాసింది రేపటికి తప్పవుతుంది.

## సెన్‌హైజర్ హెచ్‌డీ 25

1988లో వచ్చిన మోడల్ ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా డీజేల మెడలో కనిపిస్తుందంటే కారణాలు గట్టివే. మొదటిది బరువు, చేతిలో పట్టుకుంటే బొమ్మలా ఉంటుంది. రెండోది, అంత చిన్న కప్పుతోనూ అది బయటి హోరుని బాగా ఆపుతుంది, తలని గట్టిగా పట్టుకుని చెవి మీద బిగుసుకుంటుంది కాబట్టి. మూడోది సెన్సిటివిటీ. ఒక వోల్ట్‌కి 120 డెసిబెల్స్ ఇస్తుంది, ఎంత బలహీనమైన హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టినా సౌండ్ చాలదన్న మాట రాదు. ఒక కప్పు వెనక్కి తిరుగుతుంది, పట్టీ రెండుగా విడిపోతుంది. ఒక చెవికి మాత్రం పెట్టుకుని జనాన్ని చూస్తూ ప్లే చేయొచ్చు.

నాకు వీటిలో బాగా నచ్చేది మరమ్మతు. ప్యాడ్, వైరు, పట్టీ, కప్పు, లోపలి స్పీకర్ దాకా ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది, చాలా భాగాలు చేత్తోనే ఊడదీసి పెట్టుకోవచ్చు. సీజన్‌లో రోజు విడిచి రోజు ప్రోగ్రామ్‌లు చేసేవాళ్లకి ఇది డబ్బు మిగిల్చే గుణం. పదేళ్లు వాడి, ముక్క ముక్కా మార్చుకుంటూ అదే జతని నడిపేవాళ్లు ఉన్నారు.

అయితే ఇదే జతతో ఇంట్లో మిక్స్ చేస్తే రెండు ఇబ్బందులు. బేస్ ముందుకొచ్చి కిక్ దిట్టంగా తగులుతుంది. అది నమ్మి మీరు మిక్స్‌లో బేస్ తగ్గిస్తారు, సౌండ్ బాక్సుల మీద వేస్తే పాట పల్చగా వినిపిస్తుంది. ఇక రెండోది నొప్పి. ప్రోగ్రామ్‌లో మనం నిమిషం పెట్టుకుని రెండు నిమిషాలు మెడకి దింపుతాం కాబట్టి ఆ బిగువు తెలియదు. ఇంట్లో ఏకధాటిగా పెట్టుకుంటే తెలుస్తుంది.

## ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్

"రెండిటికీ ఒక్కటే" అని పట్టుబట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. 45 మిల్లీమీటర్ల డ్రైవర్లు (లోపలి స్పీకర్లు), 38 ఓమ్‌లు. ఫోన్ మీదా కంట్రోలర్ మీదా ఇబ్బంది లేకుండా మోగుతాయి. కప్పులు 90 డిగ్రీలు తిరుగుతాయి, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. పెట్టెలో మూడు వైర్లు ఇస్తారు, ఒకటి కాయిల్, రెండు తిన్నటివి. ప్రోగ్రామ్‌కి కాయిల్, ఇంట్లో మూడు మీటర్ల తిన్నటిది, ప్రయాణంలో పొట్టిది. వైరు హెడ్‌ఫోన్స్ వైపు తిప్పి బిగించే రకం, ఊరికే ఊడిపోదు. కానీ మామూలు వైర్లు దానికి సరిపోవు, కాబట్టి అదనపు వైరు ముందుగానే తెప్పించుకోండి.

శబ్దంలో బేస్ కొంచెం ఎక్కువ, ట్రెబుల్‌లో కాస్త మెరుపు. పాట వినడానికి ముచ్చటగా ఉంటుంది, మిక్స్ చేసేవాడికి మాత్రం అది పొగడ్త లాంటిది, లోపాలు చెప్పదు. దీన్ని సర్దుకునే దారి ఉంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ మోడల్‌కి సరిపడే సవరణ పెట్టుకోవచ్చు. డబ్బు పెట్టగలిగితే సోనార్‌వర్క్స్ వాళ్ల సౌండ్‌ఐడీ రిఫరెన్స్ ఇదే పని శ్రద్ధగా చేస్తుంది. సవరణ పెట్టుకున్నప్పుడు ఒక జాగ్రత్త: అది మీరు వినడానికి మాత్రమే. దాన్ని మాస్టర్ ట్రాక్ (పాట మొత్తం కలిసి వెళ్లే ట్రాక్) మీదే ఉంచేసి పాట ఎక్స్‌పోర్ట్ చేస్తే మీ హెడ్‌ఫోన్స్ లోపాలన్నీ తలకిందులై పాటలోకి ఎక్కుతాయి. మాస్టర్ మీద పెట్టినవాళ్లు ఎక్స్‌పోర్ట్ ముందు గుర్తుగా ఆపేయాలి.

ఇదే వరుసలో ఎం40ఎక్స్ ధర తక్కువ, బేస్ పొంగు కూడా తక్కువ. ప్రోగ్రామ్‌లు నెలకొకటీ, ఇంటి పని రోజూ అయితే డబ్బు మిగుల్చుకుని దాన్నే తీసుకోమంటాను.

## సోనీ ఎండీఆర్-7506

1991 నుంచి ఉన్న మోడల్. షార్ట్ ఫిల్మ్ డైలాగులు ఎడిట్ చేసేవాళ్లూ, యూట్యూబ్‌కి వాయిస్ రికార్డు చేసేవాళ్లూ ముందు దీన్ని చూడాలి. ట్రెబుల్ పదునుగా ఉండటంతో సన్నటి హిస్, నోటి చప్పుడు, కట్ చేసినచోట వచ్చే టిక్కు అన్నీ పట్టేస్తుంది. దాచదు. బరువు తక్కువ, చిన్నగా మడత పడుతుంది.

ఆ పదునే రీమిక్స్‌కి చిక్కు. డప్పు మీద సన్నపుల్ల దెబ్బా, తాళాలూ ఇందులో ఎక్కువ చురుగ్గా వినిపిస్తాయి. తగ్గించేస్తారు. బయట వేశాక తీన్‌మార్‌కి ప్రాణమైన ఆ దెబ్బే మెత్తబడి ఉంటుంది. ఈ జత అలవాటయ్యే దాకా ట్రెబుల్ జోలికి చెయ్యి వెళ్లినప్పుడల్లా, మీకు బాగా తెలిసిన పాటతో పోల్చుకోండి. వైరు అతికించిన కాయిల్ రకం, ఊడదు. ప్యాడ్స్ కొంతకాలానికి పొరలు ఊడతాయి, కానీ వేరే కంపెనీల ప్యాడ్స్ కూడా సులువుగా దొరుకుతాయి.

## బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో

అపార్ట్‌మెంట్‌లో ఉండి, అందరూ పడుకున్నాక పని చేసుకునేవాళ్లకి, ఇంట్లోనే పాడి రికార్డు చేసుకునేవాళ్లకి ఇది కుదురుతుంది. 80 ఓమ్‌ల దానికి వెలూర్ ప్యాడ్స్ వస్తాయి. వీటిలో అన్నిటికన్నా హాయిగా కూర్చునే మూసిన కప్పుల హెడ్‌ఫోన్స్ ఇవేనని నా అభిప్రాయం. ఒకసారి పెట్టుకుంటే మర్చిపోతారు. మూసినవి కాబట్టి పాడేవాళ్ల మైకులోకి క్లిక్ పోదు.

శబ్దంలో లోతైన బేస్ ఉంటుంది, ట్రెబుల్‌లో 8,000 హెర్ట్జ్ దగ్గర ఒక ఎత్తు ఉంటుంది. "స", "ష" అక్షరాలు గుచ్చుకుంటాయి. వోకల్ మీద డీ-ఎస్సర్ (ఆ గుచ్చుడుని తగ్గించే ఎఫెక్టు) ఎక్కువ వాడేసే ప్రమాదం ఇక్కడే. డీజేకి ఎందుకు కష్టమన్నానంటే, కప్పులు పక్కకి తిరగవు, మడత పడవు, వైరు ఊడదు. మామూలు డీటీ 770 ప్రోలో ఇదీ పరిస్థితి. 2024లో వచ్చిన ఎక్స్ రకం 48 ఓమ్‌లది, దానికి వైరు ఊడుతుంది. కప్పుల సంగతి అలాగే ఉన్నా, బయటికి తీసుకెళ్లేవాళ్లకి అది నయం.

## ఓపెన్ బ్యాక్ వాళ్లకి: హెచ్‌డీ 560ఎస్, హెచ్‌డీ 600

ప్రోగ్రామ్‌లకి ఇప్పటికే ఒక జత ఉండి, ఇంటి కోసం రెండోది కొంటుంటే ఇక వెనకాడకండి, ఓపెన్ బ్యాక్ తీసుకోండి. 2020లో వచ్చిన హెచ్‌డీ 560ఎస్ ఈ పనికి నా మొదటి మాట. బేస్ కింది దాకా పోతుంది, పొంగదు. ఎడమ, కుడి, మధ్యలో ఏది ఎక్కడుందో విడివిడిగా తెలుస్తుంది. 120 ఓమ్‌లు కాబట్టి ఫోన్ మీద సౌండ్ తక్కువ అనిపించొచ్చు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ లాంటి మామూలు ఇంటర్‌ఫేస్ చాలు.

1997 నాటి హెచ్‌డీ 600 ఇంకో మెట్టు పైన. గొంతు, వీణ, వేణువు లాంటి మధ్య స్వరాల్లో దాని నిజాయితీకి పేరుంది. సినిమా పాటల తరహాలో మెలోడీ కట్టేవాళ్లకి అది జీవితకాలపు జత. కానీ 300 ఓమ్‌లు, మంచి ఆంప్ (హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్) లేనిదే లేవదు. పైగా కిందిస్థాయి బేస్ తగ్గుతూ పోతుంది. రోడ్‌షో మిక్స్ చేసేవాడికి 40, 50 హెర్ట్జ్ దగ్గర ఏం జరుగుతోందో తెలియాలి. అందుకే వాళ్లకి హెచ్‌డీ 560ఎస్సే చెప్తాను, ధర తేడా ఇంకా కలిసొస్తుంది.

పక్కగదిలో టీవీ మోగుతూ, కిటికీ బయట ఆటోలు తిరుగుతూ ఉండే ఇల్లయితే ఓపెన్ బ్యాక్ గొప్పతనం మీకు అందదు. అప్పుడు డీటీ 770 వైపే వెళ్లండి.

## మొదటి అడుగు వేసేవాళ్లకి

ఇంకా ప్రోగ్రామ్‌లు మొదలవ్వలేదు, డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్ మీద నేర్చుకుంటున్నారు అనుకుందాం. దానికి హెడ్‌ఫోన్ జాక్ 3.5 మిల్లీమీటర్లది, కాబట్టి ఫోన్ ఇయర్‌ఫోన్ పెట్టుకునైనా క్యూ నేర్చుకోవచ్చు. అప్పుడే పెద్ద డబ్బు పెట్టకండి. పయనీర్ డీజే హెచ్‌డీజే-క్యూ1 లాంటి ప్రారంభ మోడల్ గానీ, ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ గానీ చాలు. ఎం20ఎక్స్‌కి వైరు ఊడదు, అదొక్కటీ చూసుకోండి. ఏడాది వాడాక మీరు డీజే వైపు వెళ్తున్నారో ప్రొడక్షన్ వైపు వెళ్తున్నారో మీకే తెలుస్తుంది. పెద్ద కొనుగోలు అప్పుడు.

పెద్ద మిక్సర్లకీ ఇంటర్‌ఫేస్‌లకీ జాక్ 6.35 మిల్లీమీటర్లది ఉంటుంది. అడాప్టర్ సంచిలో రెండు ఉంచుకోండి. పదిమందిలో తిరిగే వస్తువు, ఒకటి ఎప్పుడూ మాయమవుతుంది.

## మరి మీరు ఏ వైపు?

వారానికి రెండు మూడు ప్రోగ్రామ్‌లు, రీమిక్స్ ఖాళీ దొరికినప్పుడు చేసేవాళ్లయితే హెచ్‌డీ 25. రీమిక్స్‌కి బేస్ స్థాయిని దాంతో తేల్చకుండా, పూర్తయ్యాక ప్రోగ్రామ్ మొదలవకముందే సౌండ్ చెక్‌లో బాక్సుల మీద ఒకసారి వేసి వినండి. మీ దగ్గర పెద్ద స్పీకర్లు ఉన్నాయి, ఇంట్లో కూర్చుని పని చేసే ప్రొడ్యూసర్లకి లేని వసతి అది.

నెలకొకటి రెండు ప్రోగ్రామ్‌లు, రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు రెండు గంటలు అయితే ఎం50ఎక్స్, ఈక్వలైజర్ సవరణతో. ఈ కోవకి చెందినవాళ్లే ఎక్కువమంది. ఏడాది రెండేళ్లలో డబ్బు కూడితే, దాన్ని ప్రోగ్రామ్‌లకి ఉంచుకుని ఇంటికి హెచ్‌డీ 560ఎస్ చేర్చుకోండి. మొదటి జత వృథా కాదు.

ప్రోగ్రామ్‌లు అసలు లేవు, పాటలు కట్టడమే పనైతే, గది నిశ్శబ్దంగా ఉంటే హెచ్‌డీ 560ఎస్, లేకపోతే డీటీ 770 ప్రో 80 ఓమ్‌లు. గొంతు రికార్డు చేసేవాళ్లకి గది నిశ్శబ్దంగా ఉన్నా డీటీ 770నే.

పగలు రికార్డింగూ ఎడిటింగూ చేసి అప్పుడప్పుడు స్నేహితుల పెళ్లిళ్లలో ప్లే చేసేవాళ్లకి ఎండీఆర్-7506 చక్కగా నడుస్తుంది.

## ఏ జతైనా, హెడ్‌ఫోన్స్ చెప్పలేనివి కొన్ని

స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికీ చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. అందుకే హెడ్‌ఫోన్స్‌లో వాయిద్యాలు అతిగా విడిపోయినట్టూ, రీవెర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్టు) స్పష్టంగా ఉన్నట్టూ అనిపిస్తుంది. రీవెర్బ్ తక్కువ పెట్టేస్తారు, స్పీకర్ల మీద వోకల్ పొడిగా నిలబడుతుంది. బేస్ కూడా అంతే. పెద్ద బాక్సుల బేస్ ఛాతీకి తగులుతుంది, హెడ్‌ఫోన్స్ బేస్ చెవికే తెలుస్తుంది.

దీనికి మందు, మీరు చేస్తున్న తరహా పాటే, బయట బాగా మోగుతుందని మీకు తెలిసినది, ప్రాజెక్టులో పక్కన పెట్టుకోవడం. దాని వాల్యూమ్ మీ మిక్స్‌తో సమానంగా తగ్గించాకే పోల్చాలి. మాస్టరింగ్ అయిపోయిన పాట పెద్దగా ఉంటుంది, పెద్దగా ఉన్నది చెవికి ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. తర్వాత మోనో చేసి, అంటే ఎడమ కుడి రెండిటినీ కలిపి ఒక్కటిగా చేసి, వినండి. చాలాచోట్ల డీజే సెటప్‌లలో బేస్ మోనోగానే వెళ్తుంది. ఎడమ కుడి మధ్య వెడల్పు కోసం బేస్ మీద ఎఫెక్టు వేసి ఉంటే అక్కడ అది ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. ఆఖరున ఫోన్ స్పీకర్, కారు.

## చెవుల లెక్క కూడా ఎంపికలో భాగమే

డీజేకి బయటి శబ్దాన్ని ఆపే గుణం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్ బయటి హోరుని ఆపకపోతే, క్యూ వినపడటానికి దానికన్నా పెద్ద సౌండ్ చెవిలోకి పంపుతాం. అమెరికాలో పని స్థలాల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెప్పే హద్దు రోజుకి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. డీజే బండి ముందు నాలుగు గంటలు నిలబడే కుర్రాడు ఆ హద్దుని ఎన్నిసార్లు దాటేస్తాడో ఊహించండి. ప్రోగ్రామ్ అయ్యాక చెవుల్లో గుయ్‌మనే మోత మర్నాడు పోతుంది కదా అని వదిలేస్తారు. కొందరికి ఒకరోజు అది పోదు. పోయిన వినికిడి తిరిగి రాదు, మిక్స్ చేసే పనికి ఆ చెవులే ఆధారం.

హెడ్‌ఫోన్స్ బడ్జెట్‌లోంచే కొంత తీసి సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ఇయర్ ప్లగ్స్ కొనండి. నురగ ప్లగ్స్ ట్రెబుల్‌ని మింగేస్తాయి, ఫిల్టర్ ఉన్నవి మొత్తం శబ్దాన్ని సమంగా తగ్గిస్తాయి. క్యూ వినని చెవికి అది పెట్టుకుంటే హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ కూడా తక్కువ చాలుతుంది. మిక్సర్ మీద స్ప్లిట్ క్యూ ఉంటే అలవాటు చేసుకోండి. ఒక కప్పులో క్యూ, ఇంకో కప్పులో మాస్టర్ (జనం వింటున్న పాట) వస్తాయి, రెండు చెవులూ మూసుకునే బీట్ కలపొచ్చు.

## కొనేచోట

పేరున్న మోడల్స్ అన్నిటికీ నకిలీలు తిరుగుతున్నాయి. ధర మరీ తక్కువగా కనిపిస్తే అనుమానించండి. కంపెనీ అధీకృత డీలర్ దగ్గర, జీఎస్టీ బిల్లుతో కొంటే వారంటీ నిలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి, చేతిలోకి తీసుకుని, తలకి పెట్టుకుని చూడొచ్చు. ఫోన్‌లో ఓ మూడు పాటలు సిద్ధంగా ఉంచుకోండి, యూట్యూబ్ నుంచి కాకుండా మంచి ఫైల్స్: బేస్ బరువుగా ఉన్నది ఒకటి, గొంతు ముందుకొచ్చేది ఒకటి, మీరే చేసిన మిక్స్ ఒకటి. రెండు జతలు పోల్చేటప్పుడు రెండిటి సౌండ్ ఒకే స్థాయికి తెచ్చాకే తీర్పు చెప్పండి. షాపులో కనీసం పది నిమిషాలు తీయకుండా పెట్టుకుని ఉండండి, నొప్పి మొదటి నిమిషంలో తెలియదు. కళ్లజోడు ఉంటే దాంతోనే చూడండి.

వాడిన జత కొనేటప్పుడు ప్యాడ్స్ ఎలా ఉన్నా పర్వాలేదు, మార్చుకోవచ్చు. వైరు మొదట్లోనూ చివర్లోనూ వేళ్లతో వంచుతూ వినండి, కర్‌కర్‌మంటే వదిలేయండి. తర్వాత ఏదైనా ట్రాక్‌ని మోనోగా చేసి వేయండి. గొంతు సరిగ్గా తల మధ్యలో వినపడాలి, ఒక పక్కకి జరిగితే ఆ వైపు స్పీకరో, ఎదుటి వైపుదో దెబ్బతిని ఉంటుంది. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుని మళ్లీ వినండి. గొంతు కూడా ఎదుటి పక్కకి మారితే లోపం హెడ్‌ఫోన్స్‌లో ఉన్నట్టు, మారకపోతే అది మీ చెవుల తేడా. అలాంటప్పుడు ఈఎన్‌టీ డాక్టర్‌ని ఒకసారి కలవండి.